అప్పగింతల వేళ వాయించిన పాట

మొన్న వానాకాలంలో, సముద్రాలకు అవతల ఏదో దేశంలో, ఒక ముసలి శాక్సఫోన్ కళాకారుడు పోయాడు. ఆయన్ని నేను చూడలేదు. నెల్లూరులో మా వీధివాళ్ళెవరూ ఆయన పేరు కూడా విని ఉండరు. అయినా ఆ పొద్దున మా ఇంట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కారణం నా ఫోను. జాజ్ సంగీతమంటే చెవి కోసుకునే తెలుగువాళ్ళం కొంతమందిమి కలిసి పెట్టుకున్న గుంపు ఒకటి ఉంది అందులో. కాకినాడలో పళ్ళ డాక్టరు, సికింద్రాబాదులో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, తడ దగ్గర ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్న శ్రీధర్ గారు, నేను, ఇంకా చాలామంది. ఎక్కడ కొత్త రికార్డు వచ్చినా, ఎక్కడ కచేరీ జరిగినా అందులో కబురు. ఆ కబుర్ల మధ్యనే మోకాళ్ళ నొప్పులు, కాకినాడలో ముసురు, డాక్టరు గారి భార్య పెట్టిన మాగాయ ఫొటో. ఎవరైనా పోయినప్పుడు మాత్రం మాకొక ఆచారం ఉంది. రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టేసి చేయి దులుపుకోవడానికి లేదు. పోయినవాడి వాద్యాన్ని జీవితంలో మొట్టమొదట ఎక్కడ విన్నామో ఎవరికి వారు రాయాలి. అదే మేమిచ్చే నివాళి.

ఆ రోజు అందరూ రాశారు. ఒకరు మేనమామ ఇంట్లో గ్రామఫోన్ మీద విన్నారు, ఇంకొకరు కలకత్తాలో ఒక హోటల్లో విన్నారు. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. నేను మొదట విన్నది గొడ్ల సావిట్లో. ఊదినవాడు మా నాయన.

మాది విడవలూరు మండలంలో ఒక ఊరు. సముద్రం కంటికి కనపడదు గానీ, తలుపు మడతబందులు తుప్పు పట్టడం చూస్తే ఎంత దగ్గరో తెలుస్తుంది. కొద్దిగా వరి పొలం, రెండు బర్రెలు, పెళ్ళిళ్ళ కాలంలో నాయనకు బ్యాండ్ సెట్టులో పని. మా నాయన పేరు పెంచలయ్య. ఆయన శాక్సఫోన్‌ని ఊళ్ళో వంకర సన్నాయి అనేవాళ్ళు. అది ఇంట్లోకి రావడానికి మా అవ్వ, అంటే నాయన తల్లి, ఒప్పుకునేది కాదు. పెళ్ళికి వాయించే బ్యాండే చావుకీ వాయిస్తుంది కాబట్టి, దాని నివాసం గొడ్ల సావిడే. చావుకు వెళ్ళి వచ్చిన రోజు నాయన దొడ్డిదారినే రావాలి. అమ్మ పసుపు నీళ్ళ బిందె సిద్ధంగా పెట్టేది. జరీ అంచు ఎర్ర కోటు తొట్టిలో నానాలి. ఆ తరువాత అవ్వ వచ్చి వాద్యం మీద కూడా పసుపు నీళ్ళు చిలకరించేది.

“దానికి మైలేందమ్మా, ఇత్తడి గదా” అనేవాడు నాయన.

“ఇత్తడే. దాంట్లోకి పోయింది మాత్రం నీ ఊపిరి గదరా” అనేది అవ్వ.

మరునాడు పెళ్ళి ఉందంటే అదే అవ్వ, అదే వాద్యానికి కుంకుమ బొట్టు పెట్టి పంపేది. చిన్నప్పుడు ఇదంతా నాకు చాదస్తంగా తోచేది. అవ్వ లెక్కలో మాత్రం ఆ గొట్టం లోపల శుభానికీ అశుభానికీ మధ్య ఉన్న గోడ చాలా పలచనిది. దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండాలి. ఆ మాట నిజమని మా ఇంటి మీదే రుజువవుతుందని ఎవరనుకుంటారు.

తెల్లవారుతూనే నాయన సావిట్లో బర్రెల మధ్య కూర్చునేవాడు. వాద్యం మూతికి బిగించి ఊదే పుల్లను నానబెట్టడానికి నోట్లో పెట్టుకునేవాడు కాబట్టి అమ్మ తెచ్చిన కాఫీ పక్కనే చల్లారిపోయేది. పాత పంచె ముక్కకు కొబ్బరినూనె అద్ది మీటలు ఒక్కొక్కటే తుడిచేవాడు. పేడ వాసన, ఎండుగడ్డి వాసన, కొబ్బరినూనె వాసన కలిసి ఒకటే వాసనగా నా ముక్కులో ఉండిపోయాయి. ఈనాటికీ ఎక్కడ శాక్సఫోన్ వినిపించినా నాకు ముందు పేడ వాసన వస్తుంది. ఈ మాట గుంపులో రాస్తే డాక్టరు గారు పగలబడి నవ్వుతున్న బొమ్మలు వరసగా పెట్టారు.

నాయన వాయించడంలో ఒక పెడదారి ఉండేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మిగతావాళ్ళు సినిమా పాటను సినిమాలో ఉన్నట్టు వాయించి, డబ్బాలు సర్దుకునేవాళ్ళు. ఈయన రెండో చరణానికల్లా పాటను వదిలేసి ఎటో వెళ్ళిపోయేవాడు. వెళ్ళి, అక్కడక్కడ తిరిగి, ఇంక రాడనుకునే వేళకు పల్లవిలో దిగేవాడు. డోలు వాయించే రమణయ్య మామకు ప్రాణం మీదికొచ్చేది.

“మళ్ళీ దారి తప్పినావు పెంచలన్నా” అనేవాడు.

“తప్పలేదు రమణయ్యా. ఆ సందు యాడికి పోతాదో చూసొద్దామని పోయినా” అనేవాడు నాయన.

బ్యాండుకు ప్రతి సందర్భానికీ ఒక పాట ఉండేది. ఎదురుకోలుకు ఒకటి, తలంబ్రాలకు ఒకటి, అప్పగింతలకు ఒకటి. చావుకూ ఒకటి ఉండేది. దానికి మాటలు లేవు, ఎవరు కట్టారో తెలియదు. శవాన్ని గడప దాటించినప్పటి నుంచి కాలవ గట్టున చితి దాకా వాయించేది అదొక్కటే. పాడె పాట అనేవాళ్ళు. దాన్ని ఇంట్లో ఎవరూ కూనిరాగం కూడా తీయకూడదు. తెలియక నేనొకసారి బియ్యం ఏరుతూ తీశాను. అవ్వ వచ్చి నోటి మీద కొట్టింది. ఏడ్చాను గానీ, ఎందుకు కొట్టిందని అడగలేదు. మా వైపు పిల్లలకు ఆ సంగతి నడక వచ్చినంత సహజంగా తెలిసిపోతుంది.

ఆ వేసవిలో పక్క ఊళ్ళో పెళ్ళికి నాయన నన్ను కూడా ట్రాక్టరు మీద తీసుకెళ్ళాడు. ఆడపెళ్ళివారు మాకు తెలిసిన రైతులే. మగపెళ్ళివారు దక్షిణాన, అరవదేశం సరిహద్దు వైపు నుంచి వచ్చినవాళ్ళు. పొద్దున ముహూర్తం. భోజనాలయ్యాక మధ్యాహ్నపు ఎండలో అప్పగింతలు మొదలయ్యాయి. పెళ్ళికూతురు చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో, మామగారి చేతుల్లో ఒక్కొక్కరికీ పెడుతున్నారు. ఒక్కతే బిడ్డ. తల్లి నిలబడలేక పందిరి గుంజ పట్టుకుంది. నాయన పందిరి బయట నిలబడి అప్పగింతల పాట ఎత్తుకున్నాడు. ఆ పాట ఎంత మెల్లగా వాయిస్తే అంత కళ్ళనీళ్ళు తెప్పిస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే పాట వదిలి పక్కసందులోకి తిరిగాడు. ఆడవాళ్ళందరూ ఏడుస్తున్నారు. నేనూ ఏడుస్తున్నాను. ఒక ఇంటి నుంచి మనిషిని సాగనంపేందుకు వాయించే పాటలు రెండే ఉన్నాయి మా వైపు. రెంటికీ నడక ఒకటే, దుఃఖం ఒకటే. ఆయన ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి ఎప్పుడు అడుగుపెట్టాడో ఆయనకే తెలియదు.

ముందు రమణయ్య మామ చేతులు ఆగిపోయాయి. డోలు ఆగినా నాయన ఇంకా కళ్ళు మూసుకునే వాయిస్తున్నాడు. అప్పుడు పెళ్ళికూతురి నాయనమ్మ లేచి నిలబడింది.

“ఏందిరా అది, నా బిడ్డకు పాడె పాట వాయిస్తుండారు” అంది.

నాయన ఆపాడు. మగపెళ్ళివారికి ఏమీ అర్థం కాలేదు. వాళ్ళ వైపు చావు మేళం వేరు, ఆ పాట వాళ్ళకు అప్పటికి ఉత్త పాటే. పెళ్ళికొడుకు తండ్రి “ఏమైంది, ఎందుకు ఆపేశారు?” అని అడిగాడు. ఎవరూ చెప్పకుండా ఉంటే ఏమయ్యేదో. మా వాళ్ళలోనే ఒకాయన ముందుకొచ్చి, అది ఏ పాటో, ఎప్పుడు వాయిస్తారో అంతా విడమరిచి చెప్పాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాడు. గుమ్మడికాయతో దిష్టి తీశారు, కొబ్బరికాయలు కొట్టారు, పురోహితుడు ఏవో మంత్రాలు చదివాడు. పెళ్ళికూతురు మాత్రం పాలచేతులు అలాగే చాపి, తుడుచుకోవాలని కూడా తోచక, కారు ఎక్కింది.

ఆ తరువాత మా బ్యాండును పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. పిలిచినా “పెంచలయ్య లేకుండా రండి” అనేవాళ్ళు. అమ్మ మా ఇంటి పక్క బోరింగు మానేసి, ఎవరూ లేని దూరపు బోరింగుకు వెళ్ళేది. అవ్వ కొడుకుని ఒక్క మాట అనలేదు. ఆమె తిట్టి ఉంటేనే మాకు బాగుండేది. నాయన వాద్యాన్ని గోతంలో చుట్టి సావిడి దూలానికి వేలాడదీశాడు. కొన్ని నెలల తరువాత ఎక్కడికో ఊరెళ్ళి వచ్చాడు. వచ్చిన వారంలోనే దాన్ని కోవూరు బ్యాండు వాళ్ళకు అమ్మేశాడు. ఎందుకని అమ్మ అడిగితే “చాల్లే” అన్నాడు. సిగ్గుతో అమ్మేశాడని మేమందరం అనుకున్నాం. బళ్ళో పిల్లలు నన్ను చూసి ఆ పాట మొదటి రెండు ముక్కలు ఈల వేసేవాళ్ళు. మా నాయన చేసిన పనికి నాకెందుకు సిగ్గో అప్పుడు చెప్పలేకపోయేదాన్ని, అయినా ఆ సిగ్గు నా ఒంటికి చెమటలా పట్టి ఉండేది. ఎవరింట పెళ్ళన్నా వెళ్ళేదాన్ని కాదు. ఎక్కడ డోలు వినిపించినా ఇంకో వీధిలోకి మళ్ళేదాన్ని.

చదువు పూర్తయి నెల్లూరులో కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాక, తోటి లెక్చరరు ఒకావిడ తన ఇంట్లో ఒక క్యాసెట్ వినిపించింది. ఎవరో శాక్సఫోన్ వాయిస్తున్నాడు. పాట ఎత్తుకున్నాడు, వదిలేశాడు, పక్కసందులోకి పోయాడు. వినేవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడివాడు దారి తప్పితే చప్పట్లు, మా నాయన తప్పితే గుమ్మడికాయ. ఆ మంటతోనే నేను జాజ్ వినడం మొదలుపెట్టాను. ప్రేమ తరువాత వచ్చింది.

ఇదంతా ఆ రోజు గుంపులో రాశాను. నాయన పేరుతో, మా ఊరి పేరుతో, పెళ్ళి జరిగిన ఊరి పేరుతో, పెళ్ళికూతుర్ని ఇచ్చిన ఊరి పేరుతో సహా రాశాను. కథకు ఊళ్ళ పేర్లు ఉంటే నిండుదనం వస్తుందని నా వృత్తి నాకు నేర్పిన విద్య. గంట తిరిగేసరికి గుంపంతా ఎర్ర గుండె బొమ్మలు. పోయిన కళాకారుణ్ణి అందరూ మరిచిపోయారు. “కోస్తాలో తొలి జాజ్ కళాకారుడు మీ నాన్నగారే” అని రైల్వే పెద్దాయన. “ఎంత అందమైన తప్పు” అని డాక్టరు గారు. “సంతోషానికీ దుఃఖానికీ మధ్య గోడను కూల్చినవాడు” అని హైదరాబాదు నుంచి ఒకమ్మాయి. శ్రీధర్ గారైతే ఇంకో అడుగు ముందుకేశారు. “ఆవిడ అత్తగారి ఊరు మా ఫ్యాక్టరీకి దగ్గరే మేడమ్. ఆ పెళ్ళికూతుర్ని నేను వెతికి పట్టుకుంటాను. మీ నాన్నగారినీ ఆవిడనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి వీడియో తీద్దాం” అన్నారు. దానికి పడినన్ని గుండెలు నా కథకే పడలేదు.

అమ్మ పోయినప్పటి నుంచి నాయన నా దగ్గరే ఉంటున్నాడు. చూపు మందగించింది గానీ చెవులు చురుకే. ఆ సాయంత్రం వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వెల్లుల్లి వలుస్తున్నాడు. నేను స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్కొక్కరి పేరూ ఊరూ చెప్పి, వాళ్ళ పొగడ్తలన్నీ చదివాను. ఇన్నేళ్ళ తలవంపులూ ఒక్క పూటతో తీర్చేస్తున్నానని పొంగిపోతూ చదివాను. ఆయన వలవడం ఆపలేదు. అంతా విని, “తప్పని ఎవరూ అన్లేదా?” అన్నాడు.

“లేదు నాయనా. అందరూ గొప్పగా ఉందనే అన్నారు.”

“తప్పే గదమ్మా అది. అప్పగింతల్లో ఆ పాట వాయించగూడదు. అంత తెలిసినోళ్ళు, తప్పును తప్పనేవాడు ఒక్కడు గూడా లేడా?”

నేనేదో సర్దిచెప్పబోయాను. సంగీతంలో తప్పంటూ ఉండదని, ఇప్పటి కాలం వేరని. ఆయన వినలేదు.

“సరే, నన్ను పొగిడినారు. ఆ పిల్ల ఏమైందని ఎవురన్నా అడిగినారా?”

అడగలేదు. శ్రీధర్ గారు వెతుకుతానన్నారు గానీ, ఏమైందని అడగలేదు. నేనూ ఏనాడూ అడగలేదు. నా కథలో ఆమె పాలచేతులు ఉన్నాయి. కారు ఎక్కడం ఉంది. కారు వెళ్ళాక ఆమె లేదు. మా ఇంటి పరువు పోయింది, మా నాయన వాద్యం పోయింది, నా చిన్నతనం పాడైంది అని ఇన్నేళ్ళూ నా లెక్క నేను వేసుకుంటూ వచ్చాను.

అప్పుడు నాయన చెప్పాడు. ఆ పిల్ల కాపురానికి వెళ్ళిన కొద్దిరోజులకే మామగారు మంచం పట్టాడట. ఆ పాట ఊరికే పోదని వాళ్ళు ఆమెను పుట్టింటికి పంపేశారు. నెలలు గడిచినా ఆమెను తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. ఆ ఇల్లు మన పొలానికి వెళ్ళే దారిలోనే ఉండేదన్నాడు నాయన.

“పొద్దున పొలానికి పోయేటప్పుడు అరుగు మింద కూర్చోనుండేది. నన్ను చూస్తే లేచి లోపలికి పోయేది. తిట్టుంటే బాగుండు. కొన్నాళ్ళు గట్టెంబడి చుట్టు తిరిగి పోయినా. అట్టా ఎన్నాళ్ళు పోతాం? బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయినా. తప్పు నాది, పిల్లది గాదు, నన్నేమన్నా చేసుకోండని ఆ పెద్దాయన మంచం కాడ కూర్చున్నా.”

“ఏమన్నారు?”

“నువ్వింక ఎవురి శుభానికీ వాయించగూడదు, ఆ వాద్యం నోట పెట్టనని మాటియ్యి, అప్పుడు పిల్లను తెచ్చుకుంటాం అన్నారు. ఇచ్చినా. ఆ వారంలోనే వచ్చి తీసుకపోయినారు.”

వెల్లుల్లి పొట్టు ఒళ్ళోంచి దులిపి, “అమ్మింది అందుకు” అన్నాడు.

అవ్వకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. తెలిస్తే ఆ నోటా ఈ నోటా పాకి మళ్ళీ ఆ పిల్ల పేరే నలుగుతుందని. సిగ్గుతో మానేశాడని ఊరంతా అనుకుంటే అనుకోనిచ్చాడు. ఆమెకు బిడ్డలు పుట్టారు, మనవలూ ఉండే ఉంటారు. ఆ అత్తగారి ఊళ్ళో ఇప్పుడెవరికీ ఆ సంగతి జ్ఞాపకం ఉండదన్నాడు. చివరగా, “ఆ రోజు వాళ్ళకు తెలీదమ్మా. మనవాళ్ళే చెప్పినారు” అన్నాడు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. అవసరం కూడా లేదు. ఆ పందిట్లో ముందుకొచ్చి విడమరిచి చెప్పిన మనిషి ముఖం నాకు గుర్తు లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే చాలు.

లోపలికి వెళ్ళి, రాసినదంతా తీసేశాను. అప్పటికే దాన్ని ఎవరెవరో ఎక్కడెక్కడికో పంపుకున్నారు. శ్రీధర్ గారికి ఫోన్ చేసి, వెతకొద్దని బతిమాలాను. ఆయన మంచివాడు, వెంటనే సరే అన్నారు. ఒక్కటి మాత్రం నసిగారు. పొద్దునే కారులో వెళ్తూ తన డ్రైవరుతో చెప్పారట. డ్రైవరుది ఆ పక్క ఊరేనట. “కనుక్కుంటాను సార్ అన్నాడు మేడమ్. ఆపమని చెప్తాను” అన్నారు. ఆపారో లేదో, అప్పటికి ఆ మాట ఎంత దూరం వెళ్ళిందో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. అడిగితే మళ్ళీ చెప్పినట్టే.

ఆ రోజుల్లో ఒక పాట చోటు తప్పితే ఒక పిల్ల కాపురం కూలేది. అలాంటి నమ్మకాల గురించి, ఎంత మూఢులమో అని క్లాసులో పిల్లలకు చెప్పి నవ్వించిన రోజులున్నాయి. ఇప్పుడు ఏ పాట ఎక్కడ వాయించినా ఎవరికీ ఏమీ కాదు, అన్నిటికీ గుండె బొమ్మే. ఇదే మెరుగని ఇన్నాళ్ళూ నమ్మాను. ఇప్పటికీ ఆనాటి కాలం తిరిగి రావాలని కోరుకోను. కానీ ఆ మూఢుల మధ్య ఒక మనిషి తన తప్పు బరువు తెలుసుకుని బస్సెక్కాడు. మేము అంతమందిమి, చదువుకున్నవాళ్ళం, సంగీతం తెలిసినవాళ్ళం, ఉన్నచోటు నుంచి కదలకుండా ఆ బరువును అందమని చెప్పి పంచుకున్నాం. ఆ గుంపులో ఇంకా ఉన్నాను. ఎవరైనా పోతే చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటున్నాను.

నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం రాయడానికి ముందు నాయనను అడిగాను, రాయమంటావా అని. “నా తప్పు నువ్వెంతన్నా రాసుకో. ఆ పిల్లను వదిలెయ్” అన్నాడు. అప్పుడు, ఇన్నేళ్ళకు మొదటిసారి, ఆమె పేరేమిటని అడిగాను. చెప్పాడు. చాలా మామూలు పేరు. మా వైపు ఇంటికొకరుంటారు ఆ పేరుతో. ఇంత రాసిన చేతికి, ఆ ఒక్కటీ రాయకుండా ఉండటం ఇప్పటికైనా చేతనవుతుందో లేదో చూసుకుంటున్నాను.